‘అంతరిక్షం నుంచి వింత సిగ్నల్’ అని ఫార్వర్డ్ వస్తే ఏం చూడాలి

2023 జనవరిలో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పైన పచ్చటి తలా పెద్ద కళ్లూ ఉన్న బొమ్మ, కింద ‘భూమికి అందిన గ్రహాంతరవాసుల సంకేతం, పట్టుకున్నది మన ఇండియా టెలిస్కోపే!’ అని. పిన్ని దండం ఎమోజీ పెట్టింది, తమ్ముడు నవ్వే ఎమోజీ పెట్టాడు, చివరికి బాబాయే నన్ను ట్యాగ్ చేసి "ఏరా, నువ్వు ఇవన్నీ చదువుతుంటావు కదా, నిజమేనా?" అన్నాడు. "కాదు బాబాయ్" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆయన ఊరుకుంటాడా. "కాదని ఎలా చెప్తున్నావో అది చెప్పు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు మూడు నాలుగు వాయిస్ మెసేజ్‌లలో కిందా మీదా పడి చెప్పిందాన్ని ఇప్పుడు కాస్త కుదురుగా రాస్తున్నాను. ఇలాంటి వార్త ఏడాదికి రెండు మూడుసార్లయినా వస్తుంది, కాబట్టి ఒకసారి పద్ధతి పట్టుకుంటే మీ ఇంటి గ్రూపులో మీరే చెప్పేయొచ్చు.

ముందు ఆ వార్త సంగతి. పుణెకి ఉత్తరాన నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్ ఉంది. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. దాని డేటాలో దాదాపు 880 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీలో ఉన్న హైడ్రోజన్ వాయువు జాడ దొరికింది. హైడ్రోజన్ ఎక్కడున్నా దాని పరమాణువులు 21 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాన్ని, అంటే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, చాలా బలహీనంగా వదులుతుంటాయి. అంత దూరం నుంచి అయితే అది మనదాకా అందనే అందదు. దారిలో ఇంకో గెలాక్సీ భూతద్దంలా అడ్డుపడి దాన్ని 30 రెట్లు పెద్దది చేయబట్టి దొరికింది. ఈలోగా విశ్వం సాగిపోవడంతో ఆ తరంగమూ సాగి, మన దగ్గరికి వచ్చేసరికి 48 సెంటీమీటర్లు అయింది. నిజంగా గొప్ప పనే, కానీ అక్కడ ఎవరూ ఏమీ పంపలేదు. అన్నం ఉడుకుతుంటే ఆవిరి వస్తుంది, ఆవిరిని ఎవరైనా పంపుతారా?

ముందు ఆ మాటని అనుమానించండి

సగం గొడవ ‘సంకేతం’ అనే మాటతోనే మొదలవుతుంది. తెలుగులో సంకేతం అంటే ఎవరో కావాలని చేసే సైగ. గుమ్మం పక్కన నిలబడి కన్ను గీటితే అది సంకేతం. సైంటిస్టులు సిగ్నల్ అన్నప్పుడు అంత అర్థం ఉండదు. వెనకాల ఎప్పుడూ ఉండే గుసగుస రొద కంటే కాస్త పైకి లేచి కనిపించినది ఏదైనా వాళ్లకి సిగ్నలే. సూర్యుడి నుంచీ వస్తుంది, గురుగ్రహం నుంచీ వస్తుంది, ఎదురింటి వెల్డింగ్ షాపు నుంచీ వస్తుంది. అందుకే వార్తలో ‘సంకేతం’ అని ఉన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి ‘రేడియో తరంగం’ అని పెట్టుకుని మళ్లీ చదవండి. సగం వార్తలు అక్కడికక్కడే చప్పబడిపోతాయి.

ఇంకోటి, ‘అంతరిక్షం నుంచి వచ్చిన శబ్దం వినండి’ అని వీడియోలు తిరుగుతుంటాయి. శూన్యంలో శబ్దం ప్రయాణించదు. తరంగంలోని హెచ్చుతగ్గుల్ని మనకి వినపడేలా కంప్యూటర్‌లో మార్చిన ఆడియో అది. వినడానికి భయంగా ఉందంటే ఆ భయంలో ఎక్కువ భాగం మార్చినవాడు ఎంచుకున్న సౌండ్‌దే.

ఇంట్లో వెతికాకే ఆకాశం వైపు చూడాలి

ఇది చదవడం కంటే చేసి చూస్తే బాగా ఎక్కుతుంది. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే తీయండి. మీడియం వేవ్‌లో పెట్టి, స్టేషన్ ఏదీ లేని చోట ఆపండి. ‘స్స్స్’ అని రొద వస్తుంది. ఇప్పుడు రేడియోని మెల్లిగా ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి, ఫోన్ ఛార్జర్ దగ్గరికి, సెట్ టాప్ బాక్స్ దగ్గరికి, ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కోదానికి ఒక్కో గొంతు. ఛార్జర్ సన్నగా కూస్తుంది, ఇన్వర్టర్ బొంగురుగా మూలుగుతుంది.

నేను చేసినప్పుడు హాల్లో కూర్చుని ఉండగా ఒక వింతది దొరికింది. మూడు నాలుగు సెకన్లు ‘ఝుమ్’ అని, తర్వాత అంతసేపూ నిశ్శబ్దం, మళ్లీ ‘ఝుమ్’. గడియారం పెట్టి కొలిచినట్టు. పావుగంట కాగితం మీద టైములు రాసుకుంటూ కూర్చున్నాను, లోపల్లోపల కాస్త ఉత్సాహంగానే ఉంది, అబద్ధమెందుకు. అంతలో అది ఠక్కున ఆగిపోయింది, వంటింట్లోంచి అమ్మ పాలగ్లాసు పట్టుకుని వచ్చింది. ఇండక్షన్ స్టవ్‌ని సన్నసెగన పెడితే అది నిజంగా సెగ తగ్గించదు, కాసేపు వెలిగి కాసేపు ఆరుతుంటుంది. నేను లెక్కపెట్టింది పాలు కాగడాన్ని.

నవ్వుకోండి పర్లేదు, ఎందుకంటే ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే 64 మీటర్ల మహా టెలిస్కోప్ దగ్గర పెద్ద పెద్ద సైంటిస్టులకి కూడా ఇదే జరిగింది. 1998 నుంచి అక్కడి డేటాలో అప్పుడప్పుడు చిన్న చిన్న రేడియో మెరుపులు, అంటే క్షణంలో వచ్చిపోయే తరంగాలు, పడుతుండేవి. దూరపు అంతరిక్షం నుంచి వచ్చే మెరుపుల్లాగే ఉండేవి, కానీ ఎక్కువగా పగటిపూట, ఆఫీసు టైములోనే వచ్చేవి. వాటికి పెరిటాన్లు అని పేరు కూడా పెట్టారు. 2015లో ఎమిలీ పెట్రాఫ్ అనే పరిశోధకురాలి బృందం తేల్చింది ఏమిటంటే, అక్కడ పనిచేసేవాళ్లు భోజనం వేడి చేసుకుంటూ, టైమర్ పూర్తిగా అయ్యేదాకా ఆగలేక మైక్రోవేవ్ ఓవెన్ తలుపు లాగేసేవాళ్లు. ఆ క్షణంలో బయటపడే తరంగమే పెరిటాన్. ఆకలి మీద ఉన్నవాళ్లని ఏమంటాం.

వాళ్లకి దారి చూపించిన గుర్తుల్లో ఒకటి మీరూ వాడుకోవచ్చు. ఆ టెలిస్కోప్ రిసీవర్ ఒకేసారి పక్కపక్కనే ఉన్న 13 చోట్ల ఆకాశాన్ని చూసేది, ఒక్కో చూపుని బీమ్ అంటారు. నిజంగా ఒక చుక్క నుంచి వచ్చినదైతే మహా అయితే రెండు మూడు బీమ్‌లలోనే పడాలి. పెరిటాన్ 13 బీమ్‌లలోనూ ఒకేసారి కనిపించేది. వీధి చివర ఎవరో పిలిస్తే అటువైపు కిటికీలోంచే గట్టిగా వినిపిస్తుంది, అన్ని గదుల్లోనూ ఒకేలా వినిపించిందంటే అరిచినవాడు ఇంట్లోనే ఉన్నాడు.

ఓవెన్ ఒక్కటే కాదు. 2024 జూన్‌లో ఆస్ట్రేలియాలోనే ఇంకో టెలిస్కోప్, ఆస్క్యాప్, సెకనులో వంద కోట్ల భాగాల్లో 30 భాగాలు కూడా లేని ఒక మెరుపు పట్టుకుంది. ఎంతో దూరం నుంచి వచ్చిందనుకుంటే, తీరా లెక్క కడితే దాదాపు 4,500 కిలోమీటర్లు. 1964లో నాసా పంపిన రిలే-2 అనే ఉపగ్రహం అది. 1967 నుంచి చచ్చి పడి ఉన్నది. అది మాట్లాడలేదు, దాని ఒంటి మీద పేరుకున్న విద్యుత్తు చిటుక్కున తెగి ఉండొచ్చు, లేదా చిన్న రాయి తగిలి ఉండొచ్చు అంటున్నారు. కాబట్టి ‘ఆ దిక్కున పనిచేసే ఉపగ్రహమేదీ లేదు’ అని ఎవరైనా అంటే, పనిచేయనివి కూడా చూశారా అని అడగాలి.

రోజూ ఏ టైముకి వస్తోంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇదే, ఖర్చు లేనిది కూడా. మేడ మీద పడుకున్నవాళ్లకి తెలుసు, కార్తీక మాసంలో పొద్దుగూకగానే తూర్పున లేచే కృత్తికలు నెల తిరిగేసరికి చీకటి పడేటప్పటికే బాగా పైకి ఎక్కేసి ఉంటాయి. ఏ నక్షత్రమైనా ప్రతిరోజూ నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుంది, నెలకి రెండు గంటలు. మన ఆఫీసులు, ఓవెన్లు, రేడియో స్టేషన్లు మాత్రం సూర్యుడి టైముకి నడుస్తాయి. కాబట్టి మీ వింత సిగ్నల్ రోజూ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకే వస్తోందంటే అది క్యాంటీన్‌ది. రోజూ నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతోందంటే, అప్పుడు కుర్చీలో కాస్త నిటారుగా కూర్చోవచ్చు.

అసలు రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందే ఇలా. 1930ల మొదట్లో అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజినీరు, టెలిఫోన్ కంపెనీ కోసం, సముద్రం దాటే కాల్స్‌లో గరగరలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతున్నాడు. ఉరుములవి తీసేశాక కూడా ఒక సన్నటి రొద మిగిలింది. మొదట సూర్యుడనుకున్నాడు. నెలలు గడిచేకొద్దీ అది సూర్యుడితో కలవకుండా 23 గంటల 56 నిమిషాలకోసారి తిరిగి వస్తోందని గమనించాడు. అది పాలపుంత నడిబొడ్డు.

1967లో కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిని జోసెలిన్ బెల్‌దీ ఇదే దారి. రోజుకి దాదాపు వంద అడుగుల కాగితం మీద పెన్ను గీసే గీతల్ని ఆవిడ కళ్లతో చూసుకుంటూ పోవాలి. అందులో ఒకచోట చిన్న పిచ్చిగీత, అటు నక్షత్రంలా లేదు, ఇటు మనుషులు చేసే అల్లరిలానూ లేదు. అది నక్షత్రాల టైముతో తిరిగి వస్తోందని ఆవిడ పట్టుకుంది. నవంబర్ 28న కాగితాన్ని వేగంగా నడిపించి చూస్తే ఆ పిచ్చిగీత విడివిడి దెబ్బలుగా విచ్చుకుంది, 1.33 సెకన్లకి ఒకటి, తూచా తప్పకుండా. సగం సరదాగా దానికి ఎల్‌జీఎం-1 అని పేరు పెట్టుకున్నారు, లిటిల్ గ్రీన్ మెన్, అంటే చిట్టి పచ్చ మనుషులు అని. తర్వాత వాళ్లు ఏం చేశారో చూడండి, మనం నేర్చుకోవాల్సింది అక్కడే. ఇంకో టెలిస్కోప్‌తో చూశారు, అందులోనూ పడింది. ఎవరైనా ఒక గ్రహం మీద కూర్చుని పంపుతుంటే ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు దెబ్బల మధ్య ఎడం కొంచెం పెరుగుతూ తరుగుతూ ఉండాలి కదా అని కొలిచారు, భూమి తిరుగుడు తప్ప ఇంకేమీ దొరకలేదు. డిసెంబర్‌లో బెల్‌కి ఆకాశంలో పూర్తిగా వేరే వైపున అలాంటిదే రెండోది దొరికింది. రెండు వేర్వేరు మూలల్లో ఉన్న పచ్చ మనుషులు ఒకే కాలంలో ఒకే పద్ధతిలో మన భూమికే కబురు పెట్టరు. అవి గిర్రున తిరిగే చచ్చిపోయిన నక్షత్రాలు, పల్సర్లు. 1974 నోబెల్ ఆవిడ గైడు ఆంటొనీ హ్యూయిష్‌కి, మార్టిన్ రైల్‌కి వెళ్లింది, ఆవిడకి రాలేదు. దీని మీద నాకు చాలా కోపం ఉంది కానీ ఇక్కడ వద్దు.

ఎంత దూరం నుంచి వచ్చిందో ఎలా చెప్తారు

‘వందల కోట్ల కాంతి సంవత్సరాల నుంచి’ అని రాసేస్తారు, టేపు పెట్టి కొలిచారా అని మీకు అనుమానం రావాలి. ఇలా అనుకోండి. అలిపిరి నుంచి మెట్ల దారిన ఒక కుటుంబం అంతా ఒకే క్షణంలో నడక మొదలుపెట్టింది. కుర్రాళ్లు చకచకా ఎక్కేస్తారు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు వెనకబడతారు. పది మెట్ల దగ్గర చూస్తే అందరూ కలిసే ఉంటారు, పైన గాలిగోపురం దగ్గర చూస్తే మనిషికీ మనిషికీ మధ్య చాలా ఎడం. వాళ్ల మధ్య ఎడం చూసి ఎన్ని మెట్లు ఎక్కారో అంచనా వేయొచ్చు. రేడియో మెరుపులోనూ అంతే. అంతరిక్షంలో చెల్లాచెదురుగా ఉన్న ఎలక్ట్రాన్లే మెట్లు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు, అంటే సెకనుకి ఎక్కువసార్లు ఊగేవి, ముందు వస్తాయి, తక్కువవి ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యమే దూరానికి కొలత, ఉజ్జాయింపు కొలత.

2007లో డంకన్ లోరిమర్ బృందం పార్క్స్‌లో 2001 నాటి పాత డేటా తిరగేస్తుంటే, వెయ్యింట ఐదు వంతుల సెకను కూడా లేని ఒక మెరుపు దొరికింది. దాని ఆలస్యం మన పాలపుంత ఒక్కటే ఇవ్వగలిగిన దానికంటే చాలా ఎక్కువ. అంటే బయటిది. ఎఫ్ఆర్‌బీ, ఫాస్ట్ రేడియో బర్స్ట్ అని మీరు వార్తల్లో చూసేవన్నీ దీని తమ్ముళ్లే. చెప్పొచ్చేదేమిటంటే ఆ ఓవెన్ పెరిటాన్లు కూడా ఇదే మెట్ల ఆలస్యాన్ని దాదాపుగా అనుకరించాయి, అందుకే కొన్నేళ్లు లోరిమర్ మెరుపుని కూడా చాలామంది నమ్మలేదు. ఒక్క పరీక్ష పాసైందని ముద్ర వేసేయకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

‘వావ్’ కాగితాన్ని మీరే చదవండి

ఈ టాపిక్ ఎత్తితే ఎవరో ఒకరు వావ్ సిగ్నల్ తీసుకొస్తారు. 1977 ఆగస్టు 15, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బిగ్ ఇయర్ టెలిస్కోప్. కొన్ని రోజుల తర్వాత జెర్రీ ఎమాన్ అనే వాలంటీరు ప్రింటౌట్ చూస్తూ ఒకచోట ఎర్ర పెన్నుతో చుట్టి పక్కన ‘వావ్!’ అని రాశాడు. చుట్టింది ఇది: 6, ఇ, క్యూ, యు, జె, 5. చాలామంది దీన్ని రహస్య కోడ్ అనుకుని పేర్లుగా, తేదీలుగా విప్పుతూ కూర్చుంటారు. కాదు. అది సిగ్నల్ బలం, అంతే. కాగితం మీద ఒక్క అక్షరానికే చోటుంది కాబట్టి 9 దాటితే 10కి ఇంగ్లిష్ మొదటి అక్షరం, 11కి రెండోది, అలా వేసుకుంటూ పోయారు. ఆ లెక్కన విప్పితే 6, 14, 26, 30, 19, 5. వెనకటి రొదకి ముప్పై రెట్లదాకా ఎక్కి దిగింది. ఒక్కో అక్షరం 12 సెకన్లు, ఆరు కలిపి 72 సెకన్లు.

ఆ ఎక్కి దిగడమే అసలు విషయం. బిగ్ ఇయర్ కదలదు. భూమి తిరుగుతుంటే ఆకాశం దాని ముందు నుంచి జరిగిపోతుంది, ఒక చుక్క దాని చూపులోకి వచ్చి దాటడానికి సరిగ్గా 72 సెకన్లు పడుతుంది. కాబట్టి దూరాన నిలకడగా ఉన్న ఒక చోటు నుంచి వచ్చినట్టే ఉంది, ఫ్రీక్వెన్సీ చూస్తే హైడ్రోజన్ వదిలే 1420 మెగాహెర్ట్జ్‌కి దగ్గరగా ఉంది. ఇది ఒక పక్క. ఇంకో పక్క, ఆ టెలిస్కోప్‌కి రెండు చెవులు. ఒక చెవి విన్నదాన్ని మూడు నిమిషాల తేడాతో రెండోదీ వినాలి. వినలేదు. తర్వాత దశాబ్దాల పాటు అదే వైపు ఎన్నిసార్లు చూసినా రాలేదు. అందులో మాటలేమైనా ఉన్నాయా అని చూద్దామంటే రికార్డింగే లేదు, ఆ అంకెలే ఉన్నాయి. 2017లో తోకచుక్క అన్నారు, చాలామంది ఒప్పుకోలేదు. 2024లో హైడ్రోజన్ మేఘం ఒక్కసారి ప్రకాశించి ఉంటుందన్నారు, దాని మీద ఇంకా పని జరుగుతోంది. టెలిస్కోప్‌ని 1998లో కూల్చేసి గోల్ఫ్ మైదానంలో కలిపేశారు. కాబట్టి ఎవరైనా ‘వావ్ రహస్యం వీడింది’ అని ఫార్వర్డ్ చేస్తే, రెండో చెవి ఎందుకు వినలేదో అందులో రాశారా చూడండి. రాయలేదంటే వదిలేయండి.

మళ్లీ వచ్చిందా, ఇంకెవరైనా విన్నారా

వార్తలో ఈ రెండు ముక్కలు వెతకండి. ‘క్యాండిడేట్’ అనో ‘అనుమానిత’ అనో ఉంటే ఇంకా విచారణ దశ అని అర్థం. 2020 డిసెంబర్‌లో బీఎల్‌సీ-1 అని పెద్ద హడావిడి జరిగింది. సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు 2019లో పార్క్స్ చూస్తుండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర పడిన సన్నటి గీత. టెలిస్కోప్‌ని కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కకి తిప్పుతూ చూస్తారు. పక్కకి తిప్పినప్పుడు పోయి ఇటు తిప్పినప్పుడు వస్తే ఆశ. బీఎల్‌సీ-1 ఆ పరీక్ష దాటింది! కానీ సోఫియా షేక్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు మిగతా ఫ్రీక్వెన్సీలన్నీ జల్లెడ పడితే అచ్చం అదే పోలికతో పదుల కొద్దీ గీతలు దొరికాయి, వాటిలో కొన్ని పక్కకి తిప్పినప్పుడు కూడా ఉన్నాయి. మన ఎలక్ట్రానిక్ పరికరాల రొదే. 2021లో పేపర్ వచ్చింది. హడావిడి చేసినవాళ్లలో ఎంతమంది ఈ రెండో వార్త వేశారో మీరే ఊహించుకోండి. అందుకే మిస్టరీ వార్త చదివినప్పుడు తేదీ చూసి, అదే పేరుతో ఏడాది తర్వాతది వెతకడం అలవాటు చేసుకోండి.

అన్నీ దాటి నిలబడినవి లేవా? ఉన్నాయి, నాకు అసలు సరదా వాటితోనే. ఎఫ్ఆర్‌బీల్ని కెనడాలోని చైమ్ టెలిస్కోప్ 2021లో ఒకే జాబితాలో ఐదువందలకి పైగా చూపించింది. కొన్ని ఒక్కసారి మెరిసి పోతాయి, కొన్ని మళ్లీ మళ్లీ వస్తాయి, ఒకటైతే 16 రోజులకోసారి చురుగ్గా అవుతుంది, దాని మెరుపుల్ని మన జీఎంఆర్‌టీ కూడా పట్టింది. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే ఒక మాగ్నెటార్, అంటే భయంకరమైన అయస్కాంత బలమున్న చచ్చిన నక్షత్రం, అలాంటి మెరుపే మెరిసింది. దాంతో కనీసం కొన్నిటి వెనక ఉన్నది ఎవరో తెలిసింది. 2025లో ఇంకోటి బయటికి వచ్చింది, 44 నిమిషాలకోసారి రెండు నిమిషాలు వెలిగి ఆరిపోతుంది, రేడియోలోనే కాదు ఎక్స్‌రేల్లో కూడా. పల్సర్ అంత నెమ్మదిగా తిరుగుతూ ఇంత వెలగకూడదు. ఏమిటో ఇంకా తేలలేదు.

చూడాలని ఉంటే, ఫిబ్రవరి 28 సైన్స్ డే రోజుల్లో ఖోడద్‌లో జనాన్ని లోపలికి రానిస్తుంటారు. వెళ్లే ముందు ఆ ఏడాది తేదీలు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. బాబాయ్ వస్తానన్నాడు. పచ్చ తల బొమ్మ ఫార్వర్డ్‌ని ఇంతవరకు డిలీట్ మాత్రం చేయలేదు.